జానెడు దూరంలో అగ్గిపుల్ల

నా చిన్నప్పుడు, ఒక కార్తీక మాసం రెండో సోమవారం పొద్దున్న సరిగ్గా పదిన్నరకి, మా మామ్మ నోట్లో నిప్పు పెట్టుకుని డాక్టరు గారి ముందు కూర్చుంది. ఇంట్లో గడియారం లేనిదానివి టైము అంత కచ్చితంగా ఎలా రాస్తున్నావని మా మనవరాలు అడిగింది. రాజమండ్రి వెళ్లే లాంచీ గోదారి మధ్యలో ఉన్న మా లంక రేవులో కూత వేసేది పదిన్నరకే. మామ్మ కూర్చోవడం, లాంచీ కుయ్యడం ఒక్కసారే జరిగాయి. డాక్టరు గారు ఉలిక్కిపడ్డారు. కూతకి ఉలిక్కిపడ్డారో, మామ్మ నోరు తెరిచినందుకు ఉలిక్కిపడ్డారో మాత్రం ఇప్పుడు చెప్పలేను.

నిప్పు అని మాటవరసకి అనడం లేదు. నిజం నిప్పే. మా లంకలో ఆడవాళ్లు చుట్ట తాగేవారు, అదీ అడ్డపొగ. అంటే వెలిగే కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం. బయటికి మామూలు కొస మాత్రం కనబడుతుంది. గోదారి గాలికి చుట్ట ఆరదు, కలుపు తీస్తున్నా చేతులకి అడ్డం రాదు, చంకలో పిల్ల మీద బూడిద రాలదు, మామగారు ఎదురొచ్చినా నిప్పు కనబడదు. ఇన్ని సుఖాలున్నాయని మామ్మ చెప్పేది. నాలుక కాలదా మామ్మా అంటే, "కాలడానికి అది ఒక్కచోట ఉంటే కదే" అనేది. అది నిజమే. చుట్ట నోట్లో ఉండగానే తిట్టేది, పాడేది, గేదెని పిలిచేది.

కార్తీక సోమవారాలు మామ్మ కటిక ఉపవాసం ఉండేది. పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. చుట్ట మాత్రం ముట్టేది. పొగ తిండి కాదు కదా అని ఆవిడ లెక్క. శివుడు ఆ లెక్క ఒప్పుకున్నాడో లేదో తెలీదు గానీ, మా ఇంట్లో ఎవరూ కాదనలేదు.

ఆ ఇంట్లో నాకూ ఒక ఉద్యోగం ఉండేది. చుట్ట అంటించడం. మామ్మకి మోకాళ్ల నొప్పులు. అందుకని చుట్ట తీసుకుని పొయ్యి దగ్గరికి నేను పరుగెత్తేదాన్ని. నిప్పు కణిక మీద పెట్టి, అంటుకునేదాకా మూడు నాలుగు దమ్ములు లాగి, ఆరకుండా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాలి. రోజుకి ఎనిమిదో పదో అయ్యేవి. తొమ్మిదేళ్ల పిల్లకి అంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది? అమ్మని పిలిచే ముందు నన్ను పిలిచేవారు. నాకు ఎప్పుడూ దగ్గే. పరుగుపందెంలో ఎప్పుడూ ఆఖరే. దానికి ఇంట్లో వాళ్లు, లంకలో పుట్టినవాళ్లకి ఆ మాత్రం దగ్గు ఉంటుందిలే అనేవారు. మాది పొగాకు పండించే ఇల్లు. వసారాలో పడుకుంటే నెత్తిన దండేలకి కట్టిన ఆకులే.

రాజమండ్రిలో ఒక ధర్మసంస్థ ఉండేది. ఊపిరితిత్తుల జబ్బులకి మందులివ్వడం, పొగాకు మానమని చెప్పడం వాళ్ల పని. నెలకోసారి పడవెక్కి మా లంకకి వచ్చేవారు. డాక్టరు గారు ఒకరు, నర్సమ్మ ఒకావిడ, ఒక మందుల పెట్టె. మొదటి నెల గుడ్డ మీద వేసిన ఊపిరితిత్తుల బొమ్మ బడి గోడకి తగిలించి డాక్టరు గారు గంటసేపు మాట్లాడారు. అంతా విని మా తాతయ్య, "ఈ మేక ఎవరిదండి?" అని అడిగాడు. రెండో నెల కఫం పట్టి ఇమ్మని అందరికీ మూత డబ్బీలు ఇచ్చారు. పక్కింటి పిన్ని దాన్ని శుభ్రంగా తోమి, కుంకం పోసుకుని, "డబ్బీ బాగుందండి, పసుపుకి ఇంకోటి ఇస్తారా?" అని అడిగింది. పొగాకు పండించి తినే ఊరికి వచ్చి పొగాకు విషమంటే ఎవరు వింటారు? చేపలు పట్టేవాళ్లింట్లో కూర్చుని నీచువాసన అన్నట్టే ఉండేది మాకు.

మూడో నెల వచ్చిన సోమవారమే నేను చెబుతున్నది. బడి అరుగు మీద బల్ల వేశారు. మామ్మ ఆ రోజు వచ్చింది జబ్బు చూపించుకోవడానికి కాదు. ఉపవాసం, పొద్దు పోవడం లేదు.

డాక్టరు గారు టార్చిలైటు తీసి, "అమ్మా, చుట్ట పక్కన పెట్టి నోరు తెరవండి" అన్నారు.

"పక్కన పెడితే ఆరిపోద్ది బాబూ. ఇలాగే చూసేయండి."

చూశారు. మామ్మ అంగిలి మాడిపోయిన అట్లపెనంలా ఉందని ఆయన నర్సమ్మతో మెల్లగా అనడం నేను విన్నాను. పుండు పడితే మానడం కష్టమండి, ఊపిరి కూడా పాడవుతుందండి అని మామ్మకి మర్యాదగా చెప్పారు.

"నలభయ్యేళ్ల నించి పడని పుండు ఇయ్యాళ కార్తీక సోమారం పూట పడుద్దా అండి?" అంది మామ్మ. అరుగు మీద వాళ్లందరూ నవ్వారు. డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చదువుకున్నవాళ్లకి జవాబు తోచనప్పుడు కళ్లజోడుకి మురికి పడుతుందని అప్పుడే తెలిసింది నాకు.

అప్పుడు నర్సమ్మ లేచింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. సంచిలోంచి అగ్గిపెట్టె తీసింది.

"మామ్మగారండీ, పందెం కడతారా?"

మా మామ్మకి రెండు బలహీనతలు. ఒకటి చుట్ట, రెండోది పందెం.

"ఈ పుల్ల వెలిగించి మీ నోటికి జానెడు దూరంలో పెడతాను. నోరు బార్లా తెరిచి ఊది ఆర్పాలి. పెదాలు ముడవకూడదు. అంతేనండి."

"అంతేనా? నోట్లో నిప్పు పెట్టుకుని కాపరం చేసినదాన్ని, పుల్లకి జడుస్తానా అమ్మాయ్? ఆర్పితే ఏంటి?"

"ఆర్పితే మేం ఈ లంకలో ఇంక చుట్ట ఊసెత్తం. పడవెక్కి పోతాం."

"ఆర్పలేకపోతే నా చుట్టల కట్ట నీ చేతిలో పెడతాను. గోదాట్లో కలిపేసుకో."

"కట్ట వద్దండి. మీ చుట్ట మీరే అంటించుకోండి. ఈ పిల్ల చేత అంటించొద్దు. అది చాలు నాకు."

అందరూ నావైపు చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా ఉద్యోగం ఊడగొట్టడానికి రాజమండ్రి నుంచి వచ్చిందా ఈవిడ అనుకున్నాను. మామ్మే గెలవాలని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అరుగు స్తంభం పక్కన మా అమ్మ నిలబడి ఉంది. అత్తగారి ముందు ఆవిడ ఏనాడూ నోరెత్తేది కాదు. ఆ రోజూ ఎత్తలేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఇంటికి పెద్దని నేను, ముందు నేను" అంటూ తాతయ్య వచ్చాడు. ఆయనకి చుట్ట లేదు, ముక్కుపొడుం ఉంది. నర్సమ్మ పుల్ల గీసింది. తాతయ్య నోరు తెరిచాడు, ఇంకా తెరిచాడు, కళ్లు మూశాడు, బల్ల అదిరేలా తుమ్మాడు. పుల్ల ఆరింది. డాక్టరు గారి కాగితాలు అరుగు దిగి బయల్దేరాయి.

"తుమ్ము చెల్లదండి తాతగారూ" అంది నర్సమ్మ.

"ఆరిందా లేదా? అది చెప్పవమ్మా" అని తాతయ్య గెలిచినవాడిలా వెళ్లి కూర్చున్నాడు.

మామ్మ వంతు వచ్చింది. చుట్టని బుగ్గ పక్కకి తోసింది. మొదటిసారి అలవాటు కొద్దీ పెదాలు ముడిచింది. నర్సమ్మ పుల్ల వెనక్కి లాగేసుకుంది. రెండోసారి నోరు బార్లా తెరిచి "హా" అంది. మంట కొంచెం పక్కకి వంగి, మళ్లీ లేచి నిలబడింది. మూడోసారి ఇంకా గట్టిగా అంది. మంట ఈసారి వంగను కూడా వంగలేదు. పుల్ల కాలి కాలి నర్సమ్మ వేలికి తగిలి ఆవిడే వదిలేసింది. నాలుగోసారి మామ్మ ఒక్క క్షణం ఆగి, చుట్ట తాగే ఆడదానికి ఉండే గురి ఉపయోగించి తుప్పున ఉమ్మింది. పుల్ల చక్కగా ఆరింది. అప్పుడే ఏరుకొచ్చిన డాక్టరు గారి కాగితాలు తడిశాయి.

"ఉమ్మి చెల్లదండి మామ్మగారూ."

"ఆయనది చెల్లదు, నాది చెల్లదు. మరి చెల్లేదేంటి? ఈ పుల్లల్లోనే ఏదో మోసం ఉంది. టౌను పుల్లలు. మైనం ఎక్కువ పట్టించుంటారు." మామ్మ నన్ను చెయ్యి పట్టి ముందుకి లాగింది. "ఇదిగోండి డాక్టరు బాబూ, మా మనవరాలు. తొమ్మిదేళ్ల పిల్ల. ఇది కూడా ఆర్పలేకపోతే మోసం మీదేనని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటామండి" అన్నారు ఆయన నవ్వుతూ. చిన్నపిల్ల, ఎలాగూ ఆర్పేస్తుందని ఆయన ధైర్యం.

ఇక్కడ కొంచెం ఆగి చూడండి. మామ్మ పందెం నిలబడాలంటే నేను ఓడిపోవాలి. అంత తెలివి అప్పుడు నాకు లేదు. ఆర్పితే మామ్మ పరువు నిలబెట్టినట్టేననుకున్నాను. ఛాతీ నిండా గాలి పీల్చి "హా" అన్నాను. మంట నావైపు చూస్తున్నట్టే ఉంది. మళ్లీ అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారి అనబోతే దగ్గు వచ్చేసింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

మామ్మ తొడ చరిచింది. "చూశారా! మోసం! పదండి, పడవెక్కండి!"

మామ్మ గెలిచింది. అరుగు మీద అందరూ గోల గోలగా నవ్వారు. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. మెడలో గొట్టం చెవులకి పెట్టుకుంటున్నారు.

"ఇంకెవరిచేతన్నా ఊదించమంటారా మామ్మగారూ?" అంది నర్సమ్మ. ఇప్పుడు ఆవిడ గొంతులో పందెం లేదు.

"లంకంతా ఊదించు, నాకేం!" అని మామ్మే తన చేత్తో పిలిచింది, పక్కింటి పిన్ని కూతుర్ని. దానికి ఆరేళ్లు. ముక్కు కారుతోంది. ఒక చేతిలో జామకాయ, నోట్లో సగం జామకాయ. వాళ్లింట్లో చుట్ట తాగేది వాళ్ల నాన్న ఒక్కడే, అదీ చేలో. అది నర్సమ్మ దగ్గరికి వచ్చి, నమలడం కూడా ఆపకుండా నోరు తెరిచి "హ" అంది.

పుల్ల ఆరిపోయింది. నర్సమ్మ తెల్లచీర మీద జామగింజలు పడ్డాయి.

ఇంకోసారి నవ్వులు. మామ్మ కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఇంకోటి వెలిగించమ్మాయ్" అంది. వెలిగించింది. జామకాయ పిల్ల ఆర్పేసింది. "ఇంకోటి." అదీ ఆర్పేసింది. ఇదేదో తనకే దొరికిన ఆట అనుకుని అది నాలుగో పుల్ల కోసం నోరు తెరుచుకుని నిలబడింది. మామ్మ ఈసారి ఇంకోటి అనలేదు. నావైపు తిరిగి చూసింది. అంతకు ముందు నన్ను చూడలేదని కాదు. రోజుకి పదిసార్లు చూసేది, చుట్ట తెచ్చానా లేదా అని. అలా చూడడం మాత్రం అదే మొదలు.

డాక్టరు గారు నా వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. "పిల్ల ఊపిరిలో పిల్లికూతలు ఉన్నాయండి" అన్నారు. "పొగ ఎక్కడ తగులుతోంది దీనికి? చుట్ట అంటించేది రోజూ ఇదేనా?"

అమ్మ వేలికి చుట్టుకున్న కొంగు అలాగే ఉండిపోయింది.

"ఇదేనండి" అంది మామ్మ. "నేనే అంటింపిస్తన్నాను."

అని నోట్లోంచి చుట్ట తీసింది. ఎర్రగా కాలుతున్న కొసని ఒకసారి చూసుకుని, అరుగు రాతి మీద పెట్టి నులిమేసింది. సగంలో చుట్ట మామ్మ ఆర్పెయ్యడం మా లంకలో ఎవరూ ఎరగరు. తాతయ్య భయపడి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

మామ్మ ఆ రోజుతో చుట్ట మానేసిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ అబద్ధం. ముందు పందెం వరకే కట్టుబడింది. తన చుట్ట తనే అంటించుకుంటానని మోకాళ్లు పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చేది. అక్కడ నేను దగ్గుతూ ఎదురొచ్చేదాన్ని. తిట్టుకుంటూ వెనక్కి పోయేది. కొన్నాళ్లకి అంటించని చుట్టనే అడ్డంగా నోట్లో పెట్టుకుని తిరిగింది. నర్సమ్మ చెప్పిందని చుట్ట మీదకి మనసు పోయినప్పుడల్లా అల్లంముక్క నమిలేది. అల్లం ఘాటు, చుట్ట లేని కోపం కలిసి మా ఇంటి మీద పడ్డాయి. మా నాన్న రేవు దాకా వెళ్లి, "డాక్టరు గారండీ, మా అమ్మకి మందు లేకపోతే పోనీ, మాకన్నా ఏదన్నా ఇవ్వండి" అని బతిమాలాడు. తాతయ్య ముక్కుపొడుం డబ్బా ఒకరోజు చూరులోంచి మాయమైంది. "నేను మానుకుని ఏడుస్తుంటే నువ్వు హాయిగా తుమ్ముతావా?" అని మామ్మ దాన్ని గోదాట్లో వేసేసింది. గడ్డిమేటు వెనక రెండుసార్లు దొంగచుట్ట తాగుతూ నాకే దొరికింది. రెండుసార్లూ అది తను కాదంది.

కానీ ఒక్కటి మాత్రం తప్పలేదు. ప్రతి సోమవారం లాంచీ కూయగానే నన్ను వసారాలో నిలబెట్టేది. రొండిన దోపుకున్న అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసి, జానెడు కొలిచి పట్టుకునేది. నర్సమ్మ నెలనెలా సీసాలో మందు తెచ్చేది. పొగాకు దండేలు వసారాలోంచి పశువులపాకలోకి మారాయి. ఎవరు మార్చమన్నారో ఎవరూ చెప్పలేదు. మంట వంగేది, నిలబడేది. "వచ్చే వారం" అనేది మామ్మ. అంతే.

మాఘమాసంలో ఒక సోమవారం పుల్ల ఆరిపోయింది.

నేను గంతేశాను. మామ్మకి నమ్మకం కుదరలేదు. గాలికి ఆరిందేమోనని లోపలికి తీసుకెళ్లి తలుపు వేసి ఇంకోటి గీసింది. ఆర్పాను. ఇంకోటి గీసింది. ఆర్పాను. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. "చాలు, పుల్లలు దండగ" అని అగ్గిపెట్టె రొండిన దోపుకుని పశువులపాకలోకి వెళ్లిపోయింది. అక్కడ గేదెని చాలాసేపు తిట్టింది. ఎందుకు తిడుతోందో ఆ గేదెకి కూడా తెలియలేదు.

ఇంకోసారి ఎప్పుడో, "నువ్వూ ఊదు మామ్మా" అన్నాను. పుల్ల గీసి జానెడు దూరంలో పట్టుకున్నాను. మామ్మ నోరు తెరిచి ఊదింది. మంట ఊరికే వంగి లేచింది. నావైపు చూసి, రెండు వేళ్లతో మంటని పట్టుకుని నలిపేసింది. "ఆరిందిగా" అంది. పోయిన ఊపిరి తిరిగి రాదని, చుట్ట మానితే ఉన్నది నిలుస్తుందని డాక్టరు గారు ఆవిడకి ముందే చెప్పారట. ఆవిడ మాకు చెప్పలేదు.

ఆ పందెం నర్సమ్మ బుర్రలో పుట్టింది కాదని నాకు పెళ్లయ్యాక తెలిసింది. ఆ ముందు వారం మా అమ్మ పెరుగు అమ్మడానికి రాజమండ్రి వెళ్లి, ఆ సంస్థ ఆఫీసు మెట్ల మీద తట్ట దించుకుని, "మా అత్తగారు చెబితే వినరండి. పందెమంటే మాత్రం వదలరండి" అని చెప్పి వచ్చిందట. అత్తగారు ఓడిపోవాలని కోరుకుంది గానీ, పుల్ల నా దాకా వస్తుందని అమ్మ అనుకోలేదు. నాకు ఇది చెబుతున్నప్పుడు కూడా కొంగు వేలికి చుట్టుకుంది.

ఇంకో నిజం కూడా రాసేస్తాను. ఆ తర్వాత చాలా ఏళ్లు మేం పొగాకే వేశాం. ఆ డబ్బే తిన్నాం. చుట్ట మాని పొగాకు అమ్మడమేంటని ఎవరన్నా అడిగితే మామ్మ అల్లంముక్క ఉమ్మేది, గురి చూసి.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. నా అంతట నేను చదివిన మొదటి మాట బస్సులో రాసి ఉన్న 'పొగ త్రాగరాదు'. గట్టిగా పైకి చదివాను, దాని కిందే డ్రైవరు బీడీ కాలుస్తున్నాడు కాబట్టి. ఆయన నన్ను తర్వాతి స్టాపులో దింపేస్తానన్నాడు. నేను రొండిలోంచి అగ్గిపెట్టె తీసి, "ముందు నోరు బార్లా తెరిచి ఈ పుల్ల ఊది ఆర్పు నాయనా, అప్పుడు దిగుతాను" అన్నాను. ఆర్పలేకపోయాడు. నేను దిగలేదు.

ఇప్పుడు ఆ సంస్థ వ్యాను మా ఊరివైపు వస్తే నేనూ ఎక్కుతాను. ఆ డాక్టరు గారూ లేరు, ఆ నర్సమ్మా లేదు. కొత్త పిల్లలు, కొత్త మిషన్లు. గొట్టంలో ఊదితే నంబరు వస్తుంది. ఆ నంబరు చూసి ఎవరూ భయపడరు. అప్పుడు నన్ను పిలుస్తారు. నేను పుల్ల గీస్తాను. పుల్లతో పాటు ఇంకొకటి కూడా ఆ రోజు నుంచి మోస్తున్నాను, అది మాత్రం నాకు ఇప్పటికీ సరిగ్గా చేతకాదు. మామ్మ ఆ పందెంలో గెలిచింది. డాక్టరు గారు ఒప్పుకున్నారు కూడా. అందరి ముందు గెలిచిన మాటని, ఒక పిల్ల దగ్గు విని, తనే వదిలేసుకుంది. నాకది వచ్చో రాదో మా కోడలిని అడగండి.

పుల్ల వెలిగి జానెడు దూరంలో నిలబడినప్పుడల్లా ఆ అరుగు మీద ఉన్నవాళ్లందరూ నాకు కనబడతారు. కళ్లజోడు తుడుచుకుంటూ డాక్టరు గారు, చీర మీద జామగింజలు దులుపుకుంటూ నర్సమ్మ, తుమ్ము చెల్లుతుందని ఇంకా వాదిస్తున్న తాతయ్య, కుంకం డబ్బీ పట్టుకుని పక్కింటి పిన్ని, నాలుగో పుల్ల కోసం నోరు తెరుచుకుని నిలబడ్డ ఆవిడ కూతురు, స్తంభం పక్కన కొంగు చుట్టుకుంటూ మా అమ్మ, తొమ్మిదేళ్ల నేను, నులిమేసిన సగం చుట్ట చేత్తో పట్టుకుని మా మామ్మ.